జో లూయిస్ పిడికిట్లో డబ్బు ఎందుకు నిలవలేదు?

వాసు_మిషిగన్:
ఇండియా నుంచి వచ్చిన అత్తగారిని, మామగారిని పోయిన ఆదివారం డెట్రాయిట్ డౌన్‌టౌన్ తీసుకెళ్లాను. నది ఒడ్డుకి వెళ్లేముందు జెఫర్సన్ అవెన్యూలో ఒక విగ్రహం ఉంటుంది. విగ్రహం అనొచ్చో లేదో కూడా తెలీదు. మన దగ్గర విగ్రహమంటే నిలువెత్తు మనిషి ఉండాలి, కనీసం నడుం దాకానైనా ఉండాలి. ఇక్కడ మనిషే లేడు. చెయ్యి ఒక్కటే, దాని చివర బిగించిన పిడికిలి. 24 అడుగుల పొడవు, కంచుది. నాలుగు స్తంభాలు పైన కలిపేసి, వాటి మధ్య అడ్డంగా వేలాడదీశారు. 1986 నుంచి అలాగే ఉంది.

మామగారు దాని కింద నిలబడి తలెత్తి చాలాసేపు చూశారు. "ఎవరిదయ్యా ఈ చెయ్యి?" అన్నారు. జో లూయిస్ అని హెవీవెయిట్ బాక్సర్ అండీ, ఈ ఊళ్లోనే పెరిగాడు అన్నాను. వెంటనే రెండో ప్రశ్న: "బాగా సంపాదించాడా?"

నాకు జవాబు తెలీదు. ఇంటికొచ్చి చదివితే ఇంకా అయోమయం. పన్నెండేళ్ల పాటు ప్రపంచంలో అతన్ని కొట్టినవాడు లేడు. ఫైట్ల మీద వచ్చిన మొత్తం 46 లక్షల డాలర్ల పైమాటే, అదీ 1930లు, 40ల నాటి డాలర్లు. అందులో అతని చేతికి వచ్చింది 8 లక్షలట. ముసలితనంలో లాస్ వేగస్‌లో ఒక కేసినో హోటల్లో వచ్చేపోయేవాళ్లని పలకరించే ఉద్యోగం చేశాడు. ఇదెలా జరిగింది? బాక్సింగ్ తెలిసినవాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి. మామగారి రిటర్న్ టికెట్ వచ్చే నెల 9న. ఆయన రోజూ కాఫీ టైమ్‌లో అడుగుతున్నారు.

నల్గొండ_టైసన్:
అన్నా, ఇది బాక్సర్లందరి కథే. మా టైసన్‌ని చూడండి. 30 కోట్ల డాలర్లకి పైగా సంపాదించి 2003లో దివాలా పిటిషన్ వేశాడు. అప్పులు 2 కోట్ల 30 లక్షలు. ఆ అప్పుల జాబితాలో వేగస్ నగల షాపుకి ఇవ్వాల్సిన బంగారు గొలుసు బాకీ కూడా ఉంది, ఒక్క గొలుసుకే లక్షా డెబ్భై మూడు వేల డాలర్లు. పులుల్ని పెంచాడు. చివరికి మన తెలుగు సినిమాలో కూడా వేషం వేశాడు. జల్సా చేస్తే ఎవరికైనా అంతే.

రింగుపక్క_అప్పారావు:
తమ్ముడూ, టైసన్ కథ వేరు, జో లూయిస్ కథ వేరు. రెండూ ఒకే గాటన కట్టొద్దు. నేను విశాఖలో పాతికేళ్లుగా పిల్లలకి బాక్సింగ్ నేర్పిస్తున్నాను, కాబట్టి ముందు ఆట సంగతి చెప్తాను. డబ్బు సంగతి వేరేవాళ్లు చెప్పాలి, నాకు నా జీతమే ఎటు పోతుందో తెలీదు.

పుట్టింది 1914లో, అలబామాలో, పత్తి చేలల్లో కౌలు చేసుకునే కుటుంబం. పేరు జోసెఫ్ లూయిస్ బారో. ఎనిమిది మంది పిల్లల్లో ఏడోవాడు. వీడికి రెండేళ్లప్పుడు తండ్రిని పిచ్చాసుపత్రిలో చేర్చారు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. 1926లో అంతా డెట్రాయిట్ వచ్చేశారు, కార్ల ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుందని. జో కూడా ఫోర్డ్ వాళ్ల రివర్ రూజ్ ప్లాంట్లో కొన్నాళ్లు చేశాడు. తల్లి వీడిని వయొలిన్ క్లాసులో వేసింది. వీడు ఆ డబ్బు పట్టుకెళ్లి జిమ్‌లో కట్టాడు. గ్లవ్స్ వయొలిన్ పెట్టెలో దాచుకుని తిరిగేవాడట.

1932లో మొదటి అమెచ్యూర్ ఫైట్. ఎదురుగా జానీ మైలర్, ఒలింపిక్స్‌కి వెళ్లినవాడు. జో ఏడుసార్లు కింద పడ్డాడు. మా దగ్గర మొదటి ఫైట్‌లో రెండుసార్లు పడ్డవాడు మూడోరోజు నుంచి ప్రాక్టీసుకి రాడు. అమ్మ ఫోన్ చేసి జ్వరం అంటుంది.

1934 జూలై 4న షికాగోలో ప్రొఫెషనల్‌గా మొదటి ఫైట్. మొదటి రౌండ్‌లోనే నాకౌట్. వచ్చింది 59 డాలర్లు.

వాసు_మిషిగన్:
వయొలిన్ అన్నారు కాబట్టి చెప్తున్నా, మా వాడు కూడా ఇక్కడ కర్ణాటక సంగీతం వయొలిన్ క్లాసుకి వెళ్తున్నాడు. ఈ పోస్టు వాళ్లమ్మకి చూపించను.

పన్నుల_పంతులు:
విజయవాడలో ఆడిటర్‌ని. ఈ జో లూయిస్ కేసు మా వృత్తిలో వాళ్లకి దెయ్యం కథ లాంటిది. సాయంత్రం రాస్తాను, ఇప్పుడు ఆఫీసులో రిటర్నుల టెన్షన్.

శ్రీలక్ష్మి_చరిత్ర:
రిటైరైన హిస్టరీ లెక్చరర్‌ని. డబ్బు లెక్క వేసేముందు ఆ కాలం ఎలాంటిదో చూడాలి, లేకపోతే లెక్క అర్థం కాదు.

నల్లవాళ్లలో మొదటి హెవీవెయిట్ ఛాంపియన్ జాక్ జాన్సన్. 1908 నుంచి 1915 దాకా. అతను తెల్లవాళ్లని ఓడించి నవ్వేవాడు, తెల్ల అమ్మాయిలతో తిరిగేవాడు. అతని టైటిల్ పోయాక ఇంకో నల్లవాడికి ఆ టైటిల్ కోసం పోటీ పడే అవకాశమే ఇవ్వలేదు, ఇరవై రెండేళ్లు. అందుకే జో మేనేజర్లు అతనికి నియమాలు పెట్టారు. తెల్ల అమ్మాయితో ఫొటో దిగకూడదు. ఓడినవాడి మీద నిలబడి సంబరం చేసుకోకూడదు. కెమెరా ముందు ముఖంలో ఏ భావమూ కనపడకూడదు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఇవన్నీ పాటించాడు. పత్రికల్లో అతని ముఖం రాయిలా ఉంటుంది చూడండి, అది స్వభావమో, కట్టుబాటో చెప్పడం కష్టం.

ఆ మేనేజర్లిద్దరూ, జాన్ రాక్స్‌బరో, జూలియన్ బ్లాక్, నల్లవాళ్లే. రాక్స్‌బరోది డెట్రాయిట్‌లో నంబర్ల జూదం వ్యాపారం, మన మట్కా లాంటిది. బ్యాంకులు నల్లవాడికి అప్పివ్వని కాలంలో బాక్సర్‌కి తిండిపెట్టి, బట్టలు కొనిచ్చి, ట్రైనర్‌ని పెట్టగల పెట్టుబడి ఎవరి దగ్గర ఉంటుంది? అలాంటివాళ్ల దగ్గరే ఉంటుంది. దానికి ధర ఉంది. సంపాదనలో సగం దాకా వాళ్లకి.

కొంటెకోణంగి:
సగమా! మా ఊళ్లో కౌలు రైతులే నయం.

రింగుపక్క_అప్పారావు:
సగం అంటే ఇప్పుడు ఎక్కువే. కానీ ఆ సగంలోంచే జాక్ బ్లాక్‌బర్న్ అనే ట్రైనర్ దొరికాడు. ముసలాయన, పాత బాక్సర్. గంతులు మాన్పించి, పాదాలు నేలకి ఆనించి జరుగుతూ చిన్న చిన్న పంచ్‌లు కొట్టడం నేర్పాడు. జో పంచ్ ఎక్కువ దూరం ప్రయాణించదు. పాత ఫిల్ముల్లో చూడండి, ఎదుటివాడు పడ్డాక గానీ దెబ్బ ఎక్కడ తగిలిందో మనకి తెలీదు.

ఇప్పుడు 1936 జూన్ సంగతి. జర్మనీ నుంచి మాక్స్ ష్మెలింగ్ వచ్చాడు. అప్పటికి ప్రొఫెషనల్‌గా జో ఒక్కటి కూడా ఓడలేదు. ష్మెలింగ్ జో ఫైట్ల ఫిల్ములు వేసుకుని చూసి ఒక్క లోపం పట్టాడు. జో ఎడమచేత్తో జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా విసిరే చిన్న పంచ్, కొట్టాక ఆ చెయ్యిని చెంప దగ్గరకి తేడు, కిందుగా ఛాతీ దాకా దించుతాడు. ఆ అర సెకను ఎడమ దవడ ఖాళీ. ష్మెలింగ్ ఓపిగ్గా దానికోసమే కాచుకుని కుడి చేత్తో కొట్టాడు. పన్నెండో రౌండ్‌లో నాకౌట్.

ఈ రోగం నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మందికి ఉంటుంది. నేనేం చేస్తానంటే, జాబ్ కొట్టే భుజానికీ గడ్డానికీ మధ్య చేతి రుమాలు పెట్టించి వంద జాబ్‌లు కొట్టిస్తాను. రుమాలు పడితే మళ్లీ ఒకటి నుంచి. మొన్న ఒక పిల్ల 87 దాకా వెళ్లి పడేసింది. ఏడ్చుకుంటూనే మళ్లీ మొదలుపెట్టింది.

నల్గొండ_టైసన్:
మరి 1938లో పగ తీర్చుకున్నాడు కదా, అది చెప్పండి సార్. అది నేను వంద సార్లు చూసిన వీడియో.

శ్రీలక్ష్మి_చరిత్ర:
నేను చెప్తాను. 1937 జూన్ 22న జిమ్ బ్రాడక్‌ని ఎనిమిదో రౌండ్‌లో కొట్టి జో ఛాంపియన్ అయ్యాడు. సరిగ్గా ఏడాదికి, 1938 జూన్ 22న, యాంకీ స్టేడియంలో ష్మెలింగ్‌తో మళ్లీ ఫైట్. అప్పటికి హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాడు. ఒకవైపు నాజీల ప్రచారానికి బొమ్మగా మారిన జర్మన్, ఇంకోవైపు సొంత దేశంలో దక్షిణాదిన బస్సులో ముందు సీట్లో కూర్చోలేని నల్లవాడు. అమెరికా మొత్తం రేడియోల చుట్టూ మూగింది. 124 సెకన్లలో అయిపోయింది.

న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. ష్మెలింగ్ నాజీ పార్టీలో చేరలేదు. ఆ ఏడాదే నవంబరులో యూదుల ఇళ్ల మీద దాడులు జరిగినప్పుడు ఇద్దరు యూదు పిల్లల్ని తన హోటల్ గదిలో దాచాడు. ఈయన మళ్లీ కథ చివర్లో వస్తాడు, గుర్తుపెట్టుకోండి.

నల్గొండ_టైసన్:
ఆ ఫైట్‌కి జో వాటా మూడున్నర లక్షల డాలర్ల దాకా వచ్చింది అని చదివాను. 124తో భాగిస్తే సెకనుకి 2,800. మా టైసన్ 1988లో మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడేసి 2 కోట్ల డాలర్ల దాకా తీసుకున్నాడు. సెకనుకి 2 లక్షల పైన. ఊరికే చెప్తున్నా.

కొంటెకోణంగి:
నువ్వు ఈ లెక్క చేసిన టైమ్‌లో ఇద్దరు పడిపోయేవాళ్లు.

పన్నుల_పంతులు:
వచ్చాను. వాసు గారూ, మీ మామగారికి కాగితం మీద రాసి చూపించండి.

ముందు ఒక్క ఫైట్ తీసుకుందాం. 1946 జూన్ 19, బిల్లీ కాన్‌తో రెండో ఫైట్. యుద్ధం అయ్యాక మొదటి పెద్ద ఆట. టికెట్ల మీదే 19 లక్షల డాలర్ల పైన వచ్చింది. జో వాటా గుండ్రంగా 6 లక్షలనుకోండి. అందులో మేనేజర్లకి 1,40,000. భార్య మార్వాకి విడాకుల ఒప్పందం కింద 66,000. న్యూయార్క్ రాష్ట్రానికి 30,000. మిగిలింది 3,64,000.

నాలుగేళ్లు సైన్యంలో ఉన్నప్పుడు ఇంటి ఖర్చులకి ప్రమోటర్ మైక్ జేకబ్స్ దగ్గర వాడుకుంటూ పోయాడు. ఆ బాకీ 2,50,000 అని జేకబ్స్ లెక్క. అది తీసేస్తే 1,14,000. పాత పన్ను బకాయి అప్పటికే లక్ష దాటిందని అంచనా. అదీ కట్టాడనుకుందాం. చేతిలో ఎంత? పద్నాలుగు వేలు.

ఇప్పుడు గమనించండి. ఇంతవరకూ ఈ 6 లక్షల మీద ఈ ఏడాది కట్టాల్సిన ఫెడరల్ ఆదాయపు పన్ను మాట నేను ఎత్తనే లేదు. అప్పట్లో అక్కడ పై స్లాబు ఎంతో తెలుసా? 1944, 45లో 94 శాతం. ఆ తర్వాత కాస్త అటూ ఇటూ. మన దగ్గర మాత్రం తక్కువా, 1973-74లో 97.75 శాతం దాకా వెళ్లింది. నేను ఆడిటర్ ట్రైనింగ్ చేసిన ఆఫీసులో పెద్దాయన ఆ రోజుల గురించి చెప్తుంటే మేం నమ్మేవాళ్లం కాదు.

మధు_డల్లాస్:
కానీ సార్, సైన్యానికి విరాళం ఇచ్చిన డబ్బు మీద కూడా పన్ను వేశారని విన్నాను. నిజమా? ఇది మరీ అన్యాయం కదా.

పన్నుల_పంతులు:
నిజమే. 1942 జనవరి 9న బడ్డీ బేర్‌తో ఆడి నేవీ సహాయ నిధికి సుమారు 47 వేల డాలర్లు ఇచ్చాడు. మార్చి 27న ఏబ్ సైమన్‌తో ఆడి ఆర్మీ సహాయ నిధికి 36 వేల పైన. ఓడితే టైటిల్ పోతుంది, గెలిస్తే పైసా రాదు. అలా రెండుసార్లు ఆడాడు.

పన్నులవాళ్ల దృష్టిలో ఆ సొమ్ము ముందు నీ ఆదాయం, ఆ తర్వాత నీ దానం. దానానికి మినహాయింపు ఉంటుంది గానీ దానికో హద్దు ఉంటుంది. మన ఆదాయపు పన్నులో కూడా చాలా విరాళాలకి మొత్తం ఆదాయంలో 10 శాతం అనే పరిమితి ఉంది చూడండి, అలాంటిది. డబ్బు నేరుగా నిధికి వెళ్లేలా ముందే కాగితాలు రాసుకుని ఉంటే వేరే కథ. ఆ మాట చెప్పాల్సిన అకౌంటెంటు ఎవరు? ప్రమోటర్ మనిషి. జో రిటర్నులు జేకబ్స్ అకౌంటెంట్లే తయారుచేసేవారు. పెళ్లికొడుకు తరఫు లాయరు పెళ్లికూతురి ఒప్పందం రాసినట్టు.

శ్రీలక్ష్మి_చరిత్ర:
ఇక్కడ ఒకటి చేర్చాలి. అతను నిధి ఇచ్చిన నేవీలో ఆ రోజు నల్లవాళ్లకి వంటింట్లో, భోజనాల దగ్గర తప్ప ఉద్యోగమే లేదు. నల్లవాళ్ల పత్రికల్లో కొందరు ఇదేం పని అని అడిగారు. అమెరికాలో తప్పులు చాలా ఉన్నాయి గానీ హిట్లర్ వచ్చి వాటిని బాగుచెయ్యడు అన్నాడు.

బేర్ ఫైట్ మర్నాడే సైన్యంలో చేరాడు. మామూలు సిపాయి, నెలకి 21 డాలర్లు. దాదాపు 96 ప్రదర్శన ఫైట్లు ఆడాడు, 20 లక్షల మంది సైనికులు చూశారు. ఫోర్ట్ రైలీ సైనిక స్థావరంలో జాకీ రాబిన్సన్, ఇంకొందరు నల్ల కుర్రాళ్లని ఆఫీసర్ ట్రైనింగ్‌కి తీసుకోకపోతే తనకున్న పరిచయాలు వాడి ఆ తలుపు తీయించాడు. ఆ రాబిన్సనే 1947లో మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అడుగుపెట్టిన నల్లవాడు.

కొంటెకోణంగి:
అందరూ దేవుణ్ని చేసేస్తున్నారు. గోల్ఫ్ పందేల్లో పోగొట్టింది ఎవరు చెప్తారు? తన పేరు పెట్టుకుని రెస్టారెంటు, ఇన్సూరెన్స్ కంపెనీ, పాల కంపెనీ, తల నూనె లాంటి పొమేడు, కూల్‌డ్రింకు, షికాగోలో నైట్ క్లబ్బు, గుర్రాల ఫారం, సాఫ్ట్‌బాల్ టీము... ఒక్కటైనా నిలబడిందా? మా బావ కూడా గల్ఫ్ డబ్బుతో బోరు లారీ, చికెన్ సెంటర్, జెరాక్స్ షాపు పెట్టాడు. దానికి ప్రభుత్వం ఏం చేస్తుంది?

వాసు_మిషిగన్:
కోణంగి గారి పాయింటు కరెక్టే. కానీ నాకు ఇంకో సంగతి తట్టింది. చిన్నప్పుడు వాళ్ల కుటుంబం కష్టాల్లో ఉంటే డెట్రాయిట్ నగరం సహాయం డబ్బు ఇచ్చింది. అది అప్పు కాదు, తిరిగివ్వక్కర్లేదు. ఛాంపియన్ అయ్యాక ఇతను ఆ మొత్తం లెక్కగట్టి నగరానికి తిరిగి కట్టేశాడు. తల్లికి ఇల్లు, అన్నదమ్ములకి అక్కచెల్లెళ్లకి చదువులు, కార్లు. మామగారికి ఇది చెప్తే "చేతికి ఎముక లేని మనిషి" అన్నారు. అని, ఆ కంచు పిడికిలి ఫొటో మళ్లీ చూసి నవ్వుకున్నారు.

రింగుపక్క_అప్పారావు:
వ్యాపారాల గురించి నేనూ ఒకటి చెప్తాను. బాక్సర్‌కి రింగులో ఎవడు తోస్తాడో, ఎవడు కొడతాడో కనపడుతుంది. బయట భుజం మీద చెయ్యి వేసి మాట్లాడేవాడిని కొట్టడం రాదు. మా కుర్రాడొకడు రాష్ట్రస్థాయి టోర్నమెంటులో గెలిచి కవరు తెచ్చాడు. రెండు వేలు. అందులో ఎనిమిది వందలు ప్రయాణం ఖర్చు, ఆరు వందలు తీసుకెళ్లినతనికి, మిగతాది ఫ్రెండ్స్‌కి బిర్యానీ. ఇంటికి మెడల్ తీసుకెళ్లాడు. వాళ్లమ్మ నన్ను అడిగింది, "సార్, ఈ రేకు ముక్కేనా?" అని.

నల్గొండ_టైసన్:
కానీ ఇప్పుడు మన దగ్గర కాస్త మారింది సార్. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ వరల్డ్ ఛాంపియన్ అయితే తెలంగాణ ప్రభుత్వం 2 కోట్లు ఇచ్చింది, తర్వాత డీఎస్పీ ఉద్యోగం. ఫైట్‌కి ఇంత అని వచ్చే లెక్క కాదు ఇది, నెల జీతం. మేనేజర్‌కి సగం ఇవ్వక్కర్లేదు.

రింగుపక్క_అప్పారావు:
ఆ అమ్మాయి గెలిచాక నా దగ్గర ఆడపిల్లలు పెరిగారు, అది మాత్రం నిజం. ఆ రుమాలు పిల్ల కూడా అలా వచ్చిందే.

పన్నుల_పంతులు:
కోణంగి గారికి జవాబు. వ్యాపారాలు పోయాయి, గోల్ఫ్‌లో పోయింది, ఒప్పుకుంటాను. వీటివల్ల డబ్బు పోతుంది. కానీ పోయినా మళ్లీ సంపాదించుకోలేకపోవడం వేరే సంగతి. అసలు ఉచ్చు అక్కడుంది.

1949 మార్చిలో ఛాంపియన్‌గానే రిటైరయ్యాడు. 11 ఏళ్ల 8 నెలలు, 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. హెవీవెయిట్‌లో ఇంత కాలం ఏకధాటిగా ఉన్నవాడు ఇప్పటికీ లేడు. 1950లో పన్నులశాఖ పాత రిటర్నులన్నీ తిరగేసి వడ్డీ, జరిమానాలతో కలిపి 5 లక్షల డాలర్లకి పైన బాకీ అని తేల్చింది.

ఊరికే లెక్కకోసం ఏడాదికి 6 శాతం వడ్డీ అనుకోండి. 5 లక్షల మీద 30,000. అసలు ముట్టుకోకుండా, వడ్డీ మాత్రమే. ఆ 30 వేలు కట్టాలంటే ముందు సంపాదించాలి. సంపాదిస్తే దానిమీద ఆ ఏటి పన్ను. పై స్లాబులో 90 శాతం పోతుందనుకుంటే, చేతిలో 30 వేలు మిగలడానికి 3 లక్షలు గెలవాలి. 1950 సెప్టెంబరులో మళ్లీ రింగులోకి దిగి ఎజర్డ్ చార్లెస్‌తో ఆడితే అతనికి వచ్చింది లక్ష పైచిలుకు. అంటే దెబ్బలు తిని, ఓడి, ఇంటికొచ్చి చూస్తే బాకీ తగ్గలేదు, పెరిగింది. ఇది పనిచేసి తీర్చుకునే అప్పు కాదు. ఎంత పనిచేస్తే అంత కొత్త పన్ను పుడుతుంది. చిల్లికుండ అంటాం గానీ, ఇది పోసిన నీళ్లకి కూడా బిల్లు వేసే కుండ.

మధు_డల్లాస్:
ఈ లెక్క చదివాక చాలాసేపు ఏమీ తోచలేదు.

రింగుపక్క_అప్పారావు:
ఆ బాకీ కోసమే 1951 అక్టోబరు 26న రాకీ మార్సియానో అనే కుర్ర బాక్సర్ ముందు నిలబడ్డాడు. 37 ఏళ్లు. నెత్తి మీద జుట్టు పల్చబడింది. ఎదుటివాడికి 28. ఎనిమిదో రౌండ్‌లో తాళ్ల మధ్యలోంచి బయటికి పడిపోయాడు, కాళ్లు మాత్రం రింగులో. ఆ ఫిల్ము నా శిష్యులకి చూపించను. 69 ఫైట్లలో 66 గెలిచాడు, 52 నాకౌట్లు. ఓడిన మూడింటిలో రెండు ఈ పన్ను కట్టడానికి తిరిగొచ్చి ఓడినవే.

ఆ తర్వాత కుస్తీల్లోకి దిగాడు, ముందే అనుకుని పడే కుస్తీలు. 1956లో దాదాపు నూటయాభై కిలోల వస్తాదు ఛాతీ మీద కాలేస్తే పక్కటెముకలు విరిగాయి. అదీ పోయింది.

కొంటెకోణంగి:
సరే, నేను వెనక్కి తగ్గుతున్నాను. మా బావ కేసు వేరు.

శ్రీలక్ష్మి_చరిత్ర:
1953లో తల్లి చనిపోయింది. కొడుక్కి రాసిపెట్టిన డబ్బు 667 డాలర్లు. పన్నులశాఖ అది కూడా తీసుకుంది.

పన్నుల_పంతులు:
అవును మేడమ్. గోరుచుట్టు మీద రోకటిపోటు. 50ల చివరికి బాకీ పది లక్షలు దాటింది. 1959లో మూడో భార్యగా వచ్చిన మార్తా లాయరు. ఆమె వచ్చాక, 60ల మొదట్లో, పాత బాకీ జోలికి పోకుండా ఏ ఏటికి ఆ ఏడు సంపాదన మీద పన్ను కడితే చాలు అనే ఏర్పాటు కుదిరింది. ఆ బాకీ ఎప్పటికీ రాదని వాళ్లకీ తెలుసు. ఈ మాత్రం పని పదేళ్ల ముందు జరిగుంటే మార్సియానో ఫైటే ఉండేది కాదు.

ఇంకో ఛాంపియన్ గురించి చెప్పి నిద్రపోతాను. జీన్ టన్నీ. 1927లో డెంప్సీతో రెండో ఫైట్‌కి అతని వాటా 9,90,445 డాలర్లు. పది లక్షల చెక్కు చేత్తో పట్టుకోవాలని సరదా పుట్టి, తన జేబులోంచి 9,555 డాలర్లు ప్రమోటర్‌కి ఇచ్చి ఒకే చెక్కు రాయించుకున్నాడు. ఆ రోజుల్లో పై స్లాబు 25 శాతం. మర్నాటి ఏడాది రిటైరయ్యి, ఆస్తిపరురాలైన అమ్మాయిని పెళ్లి చేసుకుని హాయిగా బతికాడు. టన్నీ చెక్కుకీ జో ఆడిన రెండో కాన్ ఫైట్‌కీ మధ్య ఇరవై ఏళ్లు కూడా తేడా లేదు, మధ్యలో ఒక మాంద్యం, ఒక యుద్ధం.

నల్గొండ_టైసన్:
నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా. జల్సా అన్నది తప్పు. కానీ చివర్లో డ్రగ్స్ వాడాడు అంటారు?

శ్రీలక్ష్మి_చరిత్ర:
అదీ ఉంది, దాచడం ఎందుకు. 1969లో న్యూయార్క్ వీధిలో కుప్పకూలాడు. మరుసటి ఏడాది భార్య, కొడుకు కలిసి డెన్వర్‌లో మానసిక ఆస్పత్రిలో చేర్పించారు. ఎవరో తనని చంపడానికి తిరుగుతున్నారనే భయం పట్టుకుంది. తండ్రిని రెండేళ్ల వయసులో ఆస్పత్రి మింగేసిన పిల్లాడు ఇతనే అని అప్పారావు గారు మొదట్లో చెప్పారు.

తర్వాత లాస్ వేగస్‌లో సీజర్స్ ప్యాలెస్‌లో ఉద్యోగం. ఇది అవమానం అని రాసేవాళ్లు చాలామంది. నాకలా అనిపించదు. అతనికి జనం అంటే ఇష్టం, గోల్ఫ్ అంటే ఇష్టం, జీతం వచ్చేది, ఎవరికీ దెబ్బలు తగిలేవి కావు. 1981 ఏప్రిల్ 11న కూడా అక్కడే ల్యారీ హోమ్స్ ఫైట్ చూశాడు. మర్నాడు పోయాడు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో నిబంధన ప్రకారం అతనికి చోటు లేదు. అధ్యక్షుడు రీగన్ సడలించాడు.

గుర్తుపెట్టుకోమన్నాను కదా, ష్మెలింగ్. యుద్ధం తర్వాత అతను హాంబర్గ్‌లో కోకాకోలా వ్యాపారంలో బాగా నిలదొక్కుకున్నాడు. 1954లో అమెరికా వచ్చి జోని వెతుక్కుంటూ వెళ్లి కలిశాడు. ఆ తర్వాత స్నేహితులు. డబ్బు సాయం చేసేవాడు, అంత్యక్రియల ఖర్చులోనూ కొంత పెట్టుకున్నాడు. 2005లో, 99 ఏళ్లకి పోయాడు.

పన్నుల_పంతులు:
నాకు ఒక్క వృత్తిపరమైన డౌటు మిగిలిపోయింది. ఆ 667 డాలర్లకి రసీదు ఇచ్చుంటారా?

వాసు_మిషిగన్:
అందరికీ థాంక్స్. నిన్న కాఫీ దగ్గర మామగారికి పంతులు గారి లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఆయన రైల్వేలో గుమాస్తాగా చేశారు, కాబట్టి కూడికలన్నీ మళ్లీ సరిచూశారు. 3 లక్షల దగ్గర పెన్ను ఆపి "వడ్డీ కోసం కొట్టించుకున్నాడన్నమాట" అన్నారు. ఇంకోసారి ఆ చెయ్యి దగ్గరికి తీసుకెళ్లమన్నారు. శనివారం వెళ్తున్నాం. మా వాడు కూడా వస్తానన్నాడు, తాతయ్యతో పాటు ఈ కథంతా విన్నాడు కదా.

రాత్రి వాడు పడుకున్నాక ఎందుకైనా మంచిదని వయొలిన్ పెట్టె తెరిచి చూశాను. వయొలినే ఉంది.